హలో అక్క పెంచిన ఎలుకలు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. పెళ్లయి కాపురానికి వచ్చిన కొత్తలోనే, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ అని తెలియగానే, ఆమె హలో అక్క అయిపోయింది. ఆమె అందరికీ అక్క కాబట్టి అదే ఆఫీసులో లైన్‌మన్‌గా ఉన్న భర్త అందరికీ బావ అయ్యాడు. "ఊళ్లో సగం మందికి నేను బావనే. ఒక్క మరదలు కూడా నాకింత టీ పోసిన పాపాన పోలేదు" అని నవ్వించేవాడాయన.

ఎక్స్ఛేంజిలో ఆమె చెవులకు పెట్టింది పేరు. చెవిలో చిన్న గరగర వినిపిస్తే చాలు, తీగ తడిసిందో, చెట్టుకొమ్మ రాసుకుంటోందో చెప్పేసేది. మాట్లాడుకునేవాళ్ల మాటలు వినకూడదన్నది అక్కడి కట్టుబాటు. లైను శుభ్రంగా ఉందని తెలియగానే తప్పుకోవాలి. ఆమె తప్పుకునేది. వాళ్ల పెళ్లి కుదిరింది కూడా ఆ గరగర పుణ్యానే. ఫలానా లైను బాగాలేదని ఆమె కబురు పెడితే, ఆయన స్తంభమెక్కి, అక్కడి నుంచే "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవాడు. ఏ గరగరా లేని రోజుల్లో కూడా ఆయన స్తంభాలెక్కాడన్న సంగతి పెళ్లయ్యాక గానీ బయటపడలేదు.

తర్వాత యంత్రాలు వచ్చాయి. నంబరు తిప్పితే లైను తనంతట తానే కలిసే రోజులొచ్చాయి. ఆమె లైన్లు కలిపే బోర్డును విప్పి, మోసుకెళ్లారు. ఆమెకు కాగితాలు సర్దే పని ఇచ్చారు. అది కూడా అయిపోయి, ఇద్దరూ ఇంటిపట్టున కూర్చున్నాక ఒక మధ్యాహ్నం ఆమె అంది: "ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందండీ. పనిలేక నా చెవులు దురద పెడుతున్నాయి."

ఆ వారమే ఆయన బజారు నుంచి చిల్లులున్న అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. లోపల రెండు ఆడ ఎలుకలు. ఒకటి మల్లెపూవులా తెల్లన. రెండోదానికి తల బూడిదరంగు, ఒళ్లు తెలుపు.

"ఊరంతా తిరిగి, కొండను తవ్వి ఎలుకను పట్టుకొచ్చారన్నమాట!" అంది ఆమె బుగ్గలు నొక్కుకుని.

"ఒకటి కాదే, రెండు. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటాయట. కొట్టువాడు చెప్పాడు."

"జనం బోన్లు పెట్టి తరుముతుంటే మీరు పెట్టెలో పెట్టి ఇంటికి తెస్తారా?"

కొన్నాళ్లు ఆమె వాటి వంక చూడలేదు. ఒకరోజు కుర్చీలో కునుకు తీస్తుంటే తెల్లది వచ్చి ఆమె చేతి మడతలో తల దూర్చి పడుకుంది. ఆమె కదిలితే ఒట్టు. టీ చల్లారిపోయినా అలాగే కూర్చుంది. ఇక పేర్లు పెట్టడమే తరువాయి. పిలిచిన వెంటనే పరుగెత్తుకొచ్చే బూడిదతలది లోకల్. గంటల తరబడి కాచుకుంటే గానీ కలవని పైఊరి ట్రంకు కాల్‌లా, పిలిచి పిలిచి గొంతు ఎండిపోయాక తాపీగా వచ్చే తెల్లది ట్రంకు.

వానలు పట్టిన రోజుల్లో ట్రంకు తుమ్మడం మొదలుపెట్టింది. బావగారు జలుబే అన్నాడు. మర్నాడు పొద్దున్న చూస్తే ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ ఎర్రగా ఉంది. బొచ్చు ముళ్లలా నిక్కబొడుచుకుని, వీపు విల్లులా వంచి, ఒక మూల ముడుచుకుని ఉంది.

"ఏమండీ! రక్తం!" అని ఆమె పెట్టిన కేకకు ఆయన గడ్డం గీసుకుంటున్నవాడు సగం నురుగుతోనే పరుగెత్తుకొచ్చాడు.

ఆమె ట్రంకును రెండు చేతులా ఎత్తి, ఫోను పెట్టుకున్నట్టు చెవికి ఆనించుకుంది. ఆ చిన్న ఛాతీలో గరగర. మధ్యమధ్య చిటుక్కుమని ఏదో విరుగుతున్నట్టు చప్పుడు. తర్వాత లోకల్‌ను ఎత్తి వింది. దాని ఊపిరిలో ఏ చప్పుడూ లేదు.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ ఆవుల్ని, కుక్కల్ని చూసినంత శ్రద్ధగానే ట్రంకును చూసింది. తడిదూదితో ముక్కు తుడిచి, "ఇది రక్తం కాదమ్మా. కంటి వెనకుండే గ్రంథిలోంచి వచ్చే ఎర్రటి నీరు. ఒంట్లో బాగున్నప్పుడు వాటంతటవే తుడిచేసుకుంటాయి. జబ్బు చేసినా, బెదిరినా ఇలా పేరుకుంటుంది. ఛాతీలో నెమ్ము చేరింది" అంది. మందు రాస్తూ, "పెట్టెలో ఏం పరుస్తున్నారు?" అని అడిగింది.

"రంపపు పొట్టు. మంచి వాసనొచ్చే చెక్కది" అన్నాడు బావగారు కాస్త గొప్పగా.

"ఆ వాసనే వీటి ఊపిరితిత్తులకు పడదు. కాగితం ముక్కలో, పాత గుడ్డలో పరచండి. తరచూ మార్చండి. ఉచ్చకంపు నిలవకూడదు. ఈ మందు పాలల్లో మాత్రం కలపకండి, పనిచేయదు. అరటిపండు గుజ్జులో పెట్టండి. కాస్త తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు. నోరు తెరిచి రొప్పుతోందంటే ఇంకేం ఆలోచించకుండా తీసుకొచ్చేయండి."

దారి పొడవునా బావగారు తల ఎత్తలేదు. "నా ముక్కుకు బాగుందని తెచ్చానే ఆ పొట్టు."

"మీ ముక్కు సంబరం దాని ఊపిరి మీదికొచ్చింది" అందామె. కానీ ఆయన మొహం చూసి, చేయి పట్టుకుని నడిచింది.

ఆ రోజుల్లో ఆమె ట్రంకును కంటికి రెప్పలా చూసుకుంది. స్నానాల గదిలో వేడినీళ్లు పట్టి, గది ఆవిరితో నిండాక దాన్ని ఒళ్లో పెట్టుకుని తలుపు వేసుకుని కూర్చునేది. మందు కలిపిన గుజ్జును అది పక్కకు తోసేస్తే, ముందు లోకల్‌కు ఉత్త గుజ్జు చూపించి ఊరించేది. తోటిది తింటుంటే ట్రంకు ఊరుకోదు, ఆబగా వచ్చి తన వాటా నాకేసేది. చివరికి ఒక ఉదయం చెవికి పెట్టుకుంటే ఊపిరి తేటగా వినిపించింది. ఆ జబ్బు పూర్తిగా పోదని, చలిగాలి తగిలితే మళ్లీ లేస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా ఆ పూట ఆమె పాట పాడుకుంటూ వంట చేసింది.

ఈ కథ వీధి దాటింది. ఎలుకలు పెంచుకునేవాళ్లు ఊళ్లో అంతమంది ఉన్నారని ఆమెకు అప్పుడే తెలిసింది. బుట్టల్లో, పెట్టెల్లో, చొక్కా జేబుల్లో పెట్టుకుని వచ్చేవారు. ఆమె మందులిచ్చేది కాదు. వినేది, పళ్లు పెరిగిపోయాయేమో చూసేది, మెడ మీద గోకుడు పుండ్లు వెతికేది, వేళ్లతో ఒళ్లంతా తడిమేది. డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో చెప్పేది. అంతే.

ఒకరోజు పూలకొట్టావిడ మనవరాలి ఎలుకను తెచ్చింది. ముందుకాలి సందులో రేగుపండంత గడ్డ. హలో అక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటూ పాత అలవాటు చొప్పున, "ఒక్క క్షణం, లైన్లోనే ఉండండి" అంది.

పూలకొట్టావిడ కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది. "ఏదీ, ఆ మాట మళ్లీ అనండి."

"ఏ మాటండీ?"

"లైన్లోనే ఉండండి, అని. అయ్యో, మీరేనా! మా ఆయన ఓడలో పనిచేసేవాడు. రేవులో దిగినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. రెండు మాటలయ్యేసరికి లైను తెగిపోయేది. నేను ఏడుపు మొహం పెట్టేలోపే ఒకావిడ, 'లైన్లోనే ఉండండి, మళ్లీ కలుపుతాను' అనేది. ఆ గొంతు మీద నమ్మకంతోనే నేను ఫోను పట్టుకుని నిలబడేదాన్ని."

హలో అక్కకు ఆవిడ గుర్తురాలేదు. రేవు లైను గుర్తొచ్చింది. ఎప్పుడూ తడిగా, దూరంగా అలలు కొట్టుకుంటున్నట్టు ఉండే లైను. ఆ సంగతే చెప్పింది.

"అదే, అదే!" అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ. "మీ గొంతు విని మీరు బాగా లావుగా, గుండ్రంగా ఉంటారనుకునేదాన్ని సుమా."

ఎండిన తుమ్మకొమ్మలా ఉండే హలో అక్క పగలబడి నవ్వింది. తర్వాత ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. ఓడలాయన ఫోన్‌లో ఏం మాట్లాడేవాడో, ఏ పాట పాడమని వేధించేవాడో పూలకొట్టావిడ ఒక్కొక్కటే చెప్పింది. బోర్డు ముందు ఎన్నో ఏళ్లు వినకుండా తప్పుకున్న మాటలను హలో అక్క ఆ సాయంత్రం తీరిగ్గా వింది. ఆయన పోయి చాలా కాలమైందట. ఆవిడ చెబుతున్నంతసేపూ మాత్రం ఆయన ఇంకా ఏదో రేవులో ఉన్నట్టే ఉంది.

గడ్డ మెత్తగా ఉండి, చర్మం కింద కదులుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇలాంటిది ఆడ ఎలుకలకు తరచూ వస్తుందని, పెరగకముందే తీయించడం మేలని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు కొరుక్కోకుండా మనవరాలు, మామ్మ వంతులేసుకుని కాపలా కాశారు.

ఎలుకల ఆయుష్షు చిన్నది. చూస్తుండగానే ట్రంకు ముసలిదైపోయింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేది. బావగారు చేసిపెట్టిన రెండంతస్తుల పెట్టెలో పై గూటికి ఎక్కలేక కింద నిలబడి పైకి చూసేది. బావగారు కొంతసేపు దాన్నే చూసి, "కాళ్లు ఒప్పుకోకపోతే ఎక్కేదెలా!" అన్నాడు, తన మోకాళ్లు రుద్దుకుంటూ. మెట్లన్నీ ఊడబీకి, ఏటవాలుగా పలకలు బిగించి, కాలు జారకుండా వాటి మీద గుడ్డ అతికించాడు. ఆ పలకల మీద ట్రంకు పెద్దమనిషిలా ఆగి ఆగి నడిచేది.

చలికాలం చివర్లో ట్రంకు, హలో అక్క ఒడిలోనే, నిద్రలోనే పోయింది. ఆమె దాన్ని చెవికి పెట్టుకుని వింది. మళ్లీ వింది. బావగారు ఆమె భుజం మీద చేయి వేసి, "ఇక చాలే" అనేదాకా దించలేదు. పెరట్లో గులాబీ కుండీ పక్కన పాతిపెట్టారు.

లోకల్ సరిగ్గా తినడం మానేసింది. దాని కళ్లచుట్టూ కూడా ఎరుపు చేరింది. ఊపిరిలో మాత్రం ఏ తేడా లేదు. "ఇది నెమ్ము కాదు, బెంగ" అంది హలో అక్క. పూలకొట్టావిడ ఇంట్లో కూడా ఆపరేషన్ అయిన ఎలుక ఒంటరిదే. జత కుదురుతుంది కదా అని రెంటినీ వెంటనే ఒక పెట్టెలో పడేయలేదు. కొన్నాళ్లు పక్కపక్క పెట్టెల్లో ఉంచి, దీని గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి మార్చారు. తర్వాత మంచం మీద వదిలారు. మొదట వీపులు ఉబ్బించుకున్నాయి, ఒకసారి కీచుమని పోట్లాడుకున్నాయి. పూలకొట్టావిడ గాభరాగా చేయి పెట్టబోతే, "రక్తం రానంతవరకూ వాటి గొడవ వాటిదే, వదిలేయండి" అంది హలో అక్క.

కాసేపటికి కొత్తది తల వంచింది. లోకల్ దాని మెడ దువ్వడం మొదలుపెట్టింది. బావగారు మెల్లగా అరటిపండు ముక్క ఒకటి మంచం మీద పెట్టాడు. ఎన్నాళ్ల ఆకలో, లోకల్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, కూర్చుని, మొత్తం తినేసింది.