గిటారుకు ఆయుధపూజ

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవద్దన్నారు పెద్దలు. మా అక్క రిసెప్షన్‌కు నేను పిల్లిని పెట్టుకుపోలేదు. అంతకన్నా ఘోరంగా అరిచేదాన్ని, నిలువెల్లా బొట్లు పెట్టి, పట్టుగుడ్డలో చుట్టి, కోదాడ దాకా కారులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని పోయాను. ఆ సాయంత్రం జరిగిన సర్వనాశనం మీకు చెప్పబోతున్నాను. నవ్వండి, కానీ కాస్త మెల్లగా. నేనిప్పటికీ నిటారుగానే కూర్చుని రాస్తున్నాను.

ముందు మా వంశం సంగతి. మోతె దగ్గర ఒకప్పుడు మాకు కోటలాంటి గడీ ఉండేది. ఇప్పుడు గడీ లేదు, పొలాలు లేవు, సూర్యాపేటలో మూడు గదుల కిరాయి ఇల్లుంది. చింత చచ్చినా పులుపు చావదంటారు. మా ఇంట్లో చింత చచ్చి, దాని మొద్దు కూడా కట్టెల డిపోకు పోయింది. పులుపు మాత్రం మొత్తం నా వెన్నెముకలోకి చేరింది. బస్సులో సీటు దొరికినా వెనక్కి ఆనుకునేవాణ్ణి కాను. కత్తులు ఏనాడో పోయినా దసరాకు ఆయుధపూజ మానలేదు. కత్తులకు బదులు నాయన స్కూటరుకూ, మిక్సీకీ, కత్తిపీటకూ అంతే గంభీరంగా బొట్లు పెట్టేవాళ్ళం.

ఆ రోజుల్లో నా ప్రాణమంతా ఒక నల్ల ఎలక్ట్రిక్ గిటారులో ఉండేది. దాని గొప్పంతా తాళాల్లో ఉంది. తీగలను మెడ దగ్గర ఒక బిగింపు పట్టుకుంటుంది, కింద ఇనుప బ్రిడ్జి దగ్గర ఇంకో బిగింపు పట్టుకుంటుంది. ఆ బ్రిడ్జికి ఒక కడ్డీ. కడ్డీని నొక్కితే శృతి పాతాళానికి జారుతుంది, వదిలితే ఏమీ ఎరగనట్టు సరిగ్గా పాత చోటికే వచ్చి నిలబడుతుంది. తాళాలు లేని గిటారుతో ఈ ఆట ఆడితే తీగలు తలో దారీ పడతాయి.

ఇది వట్టి ప్రగల్భం కాదు. మిర్యాలగూడలో ఆర్కెస్ట్రా నడిపే సలీం భాయ్‌తో పందెం వేసి మరీ రుజువు చేశాను. ఆయన గిటారుకూ కడ్డీ ఉంది, తాళాలు లేవు.

"ఏం దొరా, గిటారుకు గిన్ని తాళాలేంది? లోపల బంగారం గిట్ల దాసినవా?" అన్నాడు సలీం భాయ్.

"బంగారం ఎప్పుడో పోయింది భాయ్. మాట మిగిలింది. నా గిటారు శృతి తప్పదు."

"సూద్దాం పా."

ఇద్దరం కడ్డీలు పట్టుకుని బోరింగు కొట్టినట్టు కొట్టాం. తర్వాత ఫోనులో శృతి చూసే యాప్ ముందు తీగలు మీటాం. సలీం భాయ్ గిటారు ఆరు తీగలూ వాటాల దగ్గర పేచీపడ్డ అన్నదమ్ముల్లా ఆరు దిక్కులు చూస్తున్నాయి. నాది ఒక్క వెంట్రుక కదల్లేదు.

"మాన్ గయే దొరా!" అని ఓటమి ఒప్పుకుంటూ సలీం భాయ్ చెవులు పట్టుకున్నాడు. "ఎందుకు నిలబడ్డదో ఎరుకేనా? గీ బ్రిడ్జి రెండు మేకుల మీద కత్తి అంచులతోని ఆనుకొని ఉంటది. గా అంచులు సాఫ్‌గ ఉండాలె. దుమ్ము పడ్డా ఖతం."

కత్తి! నా గిటారులో కత్తి ఉంది! ఇన్నేళ్ళకు మా వంశం చేతికి మళ్ళీ కత్తి వచ్చిందన్న ఆనందంలో నాకు కళ్ళు చెమర్చాయి. ఇక అంచులు సాఫ్‌గా ఉండాలన్న మాటంటారా, విన్నాను. పూజను మించిన శుద్ధి ఇంకేముంటుందనుకున్నాను. పాఠకులారా, అనర్థం ఇక్కడ పుట్టింది.

మా అక్క మాధవికి కోదాడ సంబంధం కుదిరింది. పెళ్ళి బాగానే జరిగింది. రిసెప్షన్ కోదాడలో, మగపెళ్ళివాళ్ళు చేస్తున్నారు, ఆర్కెస్ట్రా సలీం భాయ్‌ది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ హాలులోకి నడిచి వచ్చేటప్పుడు గిటారు మాత్రం నేను వాయించాలి. అది అక్క కోరిక. కోరిక అనకూడదు, అక్కకు వచ్చిన చిక్కు.

"తమ్ముడా, నాకు భయమైతుందిరా," అంది రిసెప్షన్ రోజు పొద్దున, మా ఇంట్లోనే. "మీ ఇంట్ల ఏమున్నదమ్మా అని మా అత్తమ్మ అడిగింది. ఏం చెప్పాలె? మా తమ్ముడు గిటారు మస్తు వాయిస్తడు అని చెప్పిన. గా ఇంట్ల నాకున్నది గదొక్క మాటనే. ఆమె చుట్టాలందరికీ చెప్పుకున్నదట. నువ్వు గిన చెడగొట్టినవనుకో, ఇగ నా మాట గాడ ఎవ్వలు నమ్ముతరు?"

"అక్కా, మన వంశంలో మాట తప్పినవాడు లేడు," అన్నాను, వెన్ను ఇంకో అంగుళం నిలబెట్టి.

ఆమె అటు వెళ్ళగానే గిటారును పీట మీద పడుకోబెట్టాను. పసుపూ గంధమూ చిక్కగా కలిపి ఆ రెండు కత్తి అంచుల దగ్గరా దట్టంగా పట్టించాను. తాళాల మరలకు ఒక్కోదానికి ఒక్కో బొట్టు. కుంకుమ, అక్షింతలు, హారతి. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు బ్రిడ్జి మీద ధారగా పోశాను. ధార ఆగేసరికి అక్క మళ్ళీ వచ్చింది.

"అరేయ్! మిషన్‌కు నీళ్ళు పోస్తున్నవేందిరా?"

"మిషన్ కాదక్కా, ఆయుధం."

"వాయిస్తదా?"

"ఆయుధాన్ని అట్లా అనుమానించొద్దక్కా."

సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఎండలో, కారు అద్దం పక్కన, నా ఒళ్ళో ఆ పసుపు గోడకు కొట్టిన పిడకలా ఎండింది. నాకేం తెలుసు? నా కళ్ళకు గిటారు వీరుడిలా మెరిసిపోతోంది.

హాలు నిండుగా ఉంది. వేదిక మీద సలీం భాయ్ నా గిటారును చూసి అదిరిపడ్డాడు. "దొరా, ఇది గిటారా, గ్రామదేవతనా?"

"తలుపులు తీస్తున్నారు, మొదలుపెట్టు," అన్నాను.

తలుపులు తెరుచుకున్నాయి. గడప దగ్గర మా అక్క, బావ. అక్క కళ్ళు నేరుగా నా మీదే. పాట మొదటి వరుస మీటాను. బాగుంది! హాలంతా నా వైపు తిరిగింది. అక్క ముఖంలో భయం కాస్త వదిలింది. ఒక్క అడుగు వేసింది. అక్కడితో ఊరుకుంటే నేను మనిషిని. ఊరుకోలేదు. వంశగౌరవం ఉట్టిపడేలా కడ్డీని కసిగా నొక్కి వదిలాను.

శృతి పాతాళానికి వెళ్ళింది. తిరిగి రాలేదు. సగం దాకా వచ్చి పసుపులో కూరుకుపోయి, బురదలో దిగిన ఎడ్లబండిలా ఆగిపోయింది.

తర్వాత మీటిన తీగ నుంచి వచ్చిన శబ్దానికి ముందు వరుసలో చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది. వెన్నులో చెమట చీమల బారులా దిగింది. శృతి సర్దే చిన్న మరలు తిప్పబోయాను. పసుపు ఎండి గట్టిగా అతుక్కుపోయాయి. పోనీ తాళం విప్పుదామని ఆరుమూలల కీ తీశాను. అది దూరాల్సిన గుంటల్లో కుంకుమ! కీ పెడితే గిర్రున జారుతోంది.

"ఆపు దొరా, జర ఆపు!" అని సలీం భాయ్ పళ్ళ మధ్య నుంచి అంటున్నాడు.

"మా వంశంలో మొదలుపెట్టింది ఆపరు!"

"గందుకే గడీ పోయింది! ఆపు!"

బలం కొద్దీ కడ్డీని పైకి గుంజాను. ఫట్‌మని ఒక తీగ తెగింది. ఈ తాళాల గిటారులో ఇంకో విశేషం ఉంది, సూక్ష్మంగా చెబుతాను. ఒక తీగ తెగితే బ్రిడ్జి వెనక్కి ఒరిగి, మిగిలినవన్నీ ఒక్కసారిగా పైశృతికి ఎగబాకుతాయి. ఇప్పటిదాకా మూలిగిన గిటారు ఇప్పుడు కీచుమంది.

గడప దగ్గర అక్క వేసిన ఆ ఒక్క అడుగు దగ్గరే ఆగిపోయింది. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. బావ ఏదో అడిగాడు, ఆమె తల ఊపింది. కళ్ళల్లో నీళ్ళు దీపాల వెలుగులో ఇక్కడికి కనిపిస్తున్నాయి. నవ్వండని మొదట్లో అన్నాను గానీ, ఈ చోట నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

మా ఇంట్లో అడగటం అనే పని ఎవరూ నేర్పలేదు. ఆ హాలులో, అంతమంది ముందు, వెన్ను వంచి సలీం భాయ్ చెవి దగ్గరికి పోయాను.

"భాయ్, నువ్వు వాయించు. దండం పెడతా."

"గీ మాట ముందే అంటే అయిపోతుండె," అని సలీం భాయ్ తన గిటారు అందుకున్నాడు. ఆ తాళాల్లేని గిటారు, పందెంలో ఓడిన గిటారు, ముద్దుగా పలికింది. ఆయన కడ్డీ జోలికి మాత్రం పోలేదు. అక్క నడిచి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తీగ తెగిన ఆయుధాన్ని గుండెకు అడ్డం పెట్టుకుని స్తంభంలా నిలబడ్డాను.

పాట అయ్యాక అక్క అత్తగారు నేరుగా నా దగ్గరికి వచ్చారు. వెనకాలే అక్క, ముఖం పాలిపోయి. ఆమె గిటారు మీద వేలితో రాసి చూశారు. వేలు ఎర్రగా, పచ్చగా అయింది.

"ఏంటి బాబూ ఇది?"

"పసుపూ కుంకుమ అండీ. ఆయుధపూజ. మా వంశాచారం," అన్నాను. మెడ మాత్రం వంచలేదు.

"మరి ఈ మరల సందుల్లో కూడానా?"

"అన్ని కీళ్ళకూ పెట్టానండీ. ఒక్కటీ వదల్లేదు."

ఆమె గిటారు వైపు, నా వైపు చూశారు. అక్క నేలను చూస్తోంది.

"మాధవీ," అన్నారు ఆమె. "మీ తమ్ముడికి వాయించడం వచ్చో రాదో నాకు తెలీదు గానీ, ఇంత భక్తి గల కుర్రాణ్ణి నేను ఈ కాలంలో చూడలేదమ్మా. మా పిల్లలు పీట మీద కుదురుగా కూర్చోరు. రేపు సత్యనారాయణ వ్రతం పనులన్నీ ఈ అబ్బాయికే అప్పజెప్తున్నా."

అక్క తల ఎత్తింది. ముందు కన్నీళ్ళు తుడుచుకుంది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వింది. పక్కన సలీం భాయ్ మాత్రం అత్తగారితో ఎంతో వినయంగా అన్నాడు: "అమ్మా, పూజ చేయించుకోండి, ఏం ఫికర్ లేదు. గానీ గా మిక్సీ, గా ఫ్రిజ్జు జర లోపల దాసిపెట్టుకోండి."

కనుక పాఠకులారా, అగ్నిసాక్షిగా, మా వంశంలో మిగిలిన పరువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కదిలే భాగాలున్న ఏ వస్తువుకూ నా చేత్తో బొట్టు పెట్టను. మరీ తప్పనిసరైతే, ముందు దాని యజమాని సంతకం తీసుకుంటాను.