వేలెత్తి వెళ్ళే లుర్లీన్

అమెరికాలోని మెంఫిస్‌లో ఒక చర్చిలో లుర్లీన్ ఎప్పుడూ చివరి బల్ల అంచునే కూర్చుంటుంది. తాను పాడిన పాత భక్తి పాట ఎవరైనా ఎత్తుకుంటే చాలు, టోపీ సర్దుకుని, చూపుడువేలు పైకెత్తి, నడుం వంచి బయటికి నడుస్తుంది. ఆరాధన మధ్యలో లేచేవాళ్ళు మన్నించమని అడిగే తీరు అది. ఒకప్పుడు ఆమె, అన్న థర్మన్, అక్క ఒజెల్లా ఒకే మైకు ముందు పాడేవారు. భక్తి పాటలు వదిలి ప్రేమ పాటల్లోకి దిగినప్పుడు, ఒజెల్లా లావుగా ఉంది, వేదిక మీద వద్దంది రికార్డు కంపెనీ. లుర్లీన్ సరేనని తలూపింది. రికార్డులో అక్క మంద్రస్వరం ఉంది, అట్టమీది ఫోటోలో అక్క లేదు.

ఇప్పుడు ఒజెల్లా తెల్ల గ్లౌజులతో, ఎడమచేయి వెనక్కి కట్టుకుని వచ్చేపోయేవాళ్ళకి తలుపు తీసే సేవలో ఆ చర్చి గుమ్మం దగ్గరే నిలబడుతుంది. చెల్లెలు వేలెత్తి వచ్చిన ప్రతిసారీ తలుపు తీస్తుంది. మొన్న ఆదివారం చర్చి గాయక బృందం, ఈ అక్కచెల్లెళ్ళకి అమ్మ నేర్పిన పాటే ఎత్తుకుంది. "పాడు తల్లీ, పాడు!" అని పాడేవాళ్ళని ఉత్సాహపరుస్తూ బల్లలన్నీ ఊగిపోయాయి. లుర్లీన్ తలుపు దాకా వచ్చింది. గ్లౌజు చెయ్యి అడ్డుపడింది.

"పాట అయ్యేదాకా తియ్యను. కొత్త రూలు."

"ఎవరు పెట్టారక్కా?"

"నేనే. నలభై ఏళ్ళు తీశాను, చెయ్యి పడిపోతోంది. ఆ వేలు దించవే, ఎవరి కన్నయినా పొడిచేవు."

తలుపు దగ్గరివాళ్ళు పాడకూడదన్న నియమం పక్కనబెట్టి ఒజెల్లా తన కింది స్వరం అందుకుంది. పై స్వరం చెల్లెలిది. లుర్లీన్ పాట అందుకోకుండా అక్క వైపు తిరిగింది. మన్నించమనే ఆ వేలు మాత్రం దించలేదు.