లేడీస్ కోచ్‌లో బఠాణీలు

మాకు కారు లేదు. నోయిడాలో ఆఫీసు, ద్వారకలో ఇల్లు, మధ్యలో మెట్రో. కారు కొంటే అరగంట ముందే ఇంటికి చేరతావని మా ఆయన ఆ చలికాలమంతా పోరుతూనే ఉన్నారు. నాకూ మనసు మెత్తబడుతున్న రోజులవి.

ఒక సాయంత్రం లేడీస్ కోచ్‌లో నా పక్కన కూర్చున్నావిడ, ఒళ్లో శాలువా పరచుకుని పచ్చి బఠాణీలు ఒలుస్తోంది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. నేనూ స్టేషన్ బయట కొన్న బఠాణీల సంచి నా కాళ్ల దగ్గరుంది. ఆవిడ దాన్ని చూసింది.

"ఘర్ జాకే ఛీలోగీ, దీదీ?" అంది, ఇంటికెళ్లాక ఒలుచుకోవడమేమిటన్నట్టు. శాలువా అంచు లాగి నా ఒళ్లో కూడా పరిచింది.

ఇద్దరం పెద్దగా మాటల్లేకుండానే ఒలుచుకుంటూ పోయాం. తనవి అయిపోయాక నా సంచిలోకి చెయ్యి పెట్టింది. ఆవిడ దిగే వేళకు నా ఖాళీ టిఫిన్ డబ్బా గింజలతో నిండింది. తొక్కలు మాత్రం తన సంచిలోనే పట్టుకుపోయింది.

భోజనాల దగ్గర మా ఆయన మళ్లీ కారు మాటెత్తారు. "అరగంట ముందొస్తావు కదా!"

"వచ్చి బఠాణీలు ఒలవాలి" అన్నాను, ఆయన కంచంలో ఇంకాస్త కూర వేస్తూ.