పగడాలు చూసొచ్చిన నడుం

అరవైల్లో మాట. పెళ్లైన ఏడాదికి పుట్టింటికొచ్చాను. గురజాల దగ్గర పల్లె మాది. వచ్చిన మర్నాడే అమ్మ నాకు తలంటు పోయబోయి, నడుముకు నూనె రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"ఏమే, ఏందే ఇది? ఇట్టా మాడిపోయిందేంది?"

రవికకూ చీరకూ మధ్య నడుం, మెడ వెనక, కాళ్ల పిక్కలు నల్లగా కమిలి పొరలు లేస్తున్నాయి. ముందువైపు మాత్రం అత్తారింటికి వెళ్లిననాటి రంగే. పల్నాడులో ఆ కమిలిన చోట్లు చూస్తే ఎవరికైనా ఒకటే అర్థం. చీర ఎగగట్టి, మిరపచేలో పొద్దస్తమానం వంగి కలుపు తీసే ఆడకూలీలకే ఎండ అక్కడ తగులుతుంది.

అమ్మ నోరు నొక్కుకుని నాన్నను పిలిచింది. నరసరావుపేట కోర్టు చుట్టూ పొలం తగాదాలకు తిరిగి తిరిగి, ఎవరి మాటా ఊరికే నమ్మే అలవాటు పోయింది ఆయనకు. అల్లుడిది సర్కారు ఉద్యోగమనే నన్నిచ్చాడు. రామేశ్వరం అవతల ఒక దీవి చుట్టూ పగడాల దిబ్బ ఉంది. దాన్నెవరూ విరగ్గొట్టకుండా కాపలా చూడటం మా ఆయన పని.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అక్కడ సముద్రం నడుంలోతే. అద్దం బిగించిన రబ్బరు తొడుగు ముఖానికి పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీళ్లమీద బోర్లా తేలుతూ కిందికి చూస్తాం. మొదట్లో నాకూ అనుమానమే. గొట్టంతో ఊపిరేంది, నన్ను చంపుదామనా అని మా ఆయన మీద గయ్యిమన్నాను. ఒక్కసారి తల ముంచాక లేవబుద్ధి కాలేదు. కొమ్మలు కొమ్మలుగా పగడం, ఊదారంగుది, పసుపురంగుది, వాటి సందుల్లో పట్టుచీర అంచుల్లాంటి చేపలు. ఒళ్లు కాలిన సంగతి ఇంటికెళ్లాకగానీ తెలియలేదు.

నాన్న అంతా విన్నాడు. "నీళ్లమీద బోర్లా పడుకుంటే సర్కారు జీతమిచ్చిద్దా? ఏదీ, ఒక ముక్క తెచ్చావా?"

"తేకూడదు నాన్నా. విరిస్తే నేరం. అందుకే గదా ఆయన కాపలా."

"అంటే రుజువు లేదు."

నా అరచేతులు తిప్పి చూశాడు. కాయలు లేవు. దాంతో అనుమానం తగ్గకపోగా ఇంకా పెరిగింది. అల్లుడే చేతులకు గుడ్డ చుట్టించి కూలిపని చేయించాడేమో అన్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురి మాట కంటే కమిలిన నడుం ఎక్కువైంది ఆయనకు.

"మన పిల్ల పరాయి చేలో వంగేదేంది? పంపేది లేదు," అని తేల్చేశాడు.

కొన్నాళ్లకు మా ఆయన నన్ను తీసుకెళ్లడానికొచ్చాడు. అల్లుడొస్తే తలంటు పోయించడం మా ఇళ్లలో మర్యాద. ఆ రోజు మాత్రం అది సోదా. చొక్కా విప్పించి, పీటమీద కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి చూశాడు నాన్న. మా ఆయన వీపు నా నడుం కంటే చానా నలుపు.

"బాబూ, నిజం చెప్పు. ఇద్దరూ కూలికి పోతున్నారు గదా?"

తలుపు దగ్గర నిలబడి, చెప్పవయ్యా, ఆ పగడాల గురించి చెప్పు అని లోపల్లోపల మొత్తుకున్నాను. మా ఆయన నా ముఖం చూశాడు. సర్దకుండా వదిలేసిన నా పెట్టెను చూశాడు.

"అవును మామయ్యా. జీతం చాలక," అన్నాడు.

నాన్న ముఖం ఒక్కసారిగా తేటపడింది. "అట్టా చెప్పొచ్చుగా! కష్టపడితే తప్పేంది? నువ్వు నీడన కూర్చుని పిల్లను పంపుతున్నావేమో అనుకున్నా. నువ్వూ వంగుతున్నావు, చాలు."

మర్నాడే మమ్మల్ని బస్సెక్కించాడు. అంత అందం రోజూ చూస్తూ అబద్ధమాడాడన్న కోపంతో మా ఆయన వైపు చూడనైనా లేదు నేను. నాన్న కిటికీ దగ్గరకొచ్చి, పాత గుడ్డలో చుట్టిన కొత్త కొడవలి నా ఒళ్లో పెట్టాడు.

"పదునుంది. తొందరగా అయిపోయిద్ది. ఎండ ముదిరేలోపే ఇంటికొచ్చెయ్యమ్మా," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"అట్టాగే నాన్నా," అన్నాను.