ఇద్దరు తండ్రులు, ఒక ఎక్స్‌కర్షన్

ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రజాస్వామ్యం లేదన్న సంగతి నాకు పదిహేనో ఏట తెలిసింది. అంతకుముందు తెలియకపోవడానికి కారణం, ఆ పాఠం పదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఉండటమే. ఉద్యోగం కోసం బొబ్బిలి వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి, సీతాఫల్‌మండిలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టిన మా నాన్న, పిల్లలతో నేరుగా మాట్లాడటం తండ్రి హోదాకి తగదనుకునేవారు. నేను ఆయన ఎదురుగా, మూరెడు దూరంలో కూర్చుని అన్నం తింటున్నా సరే, "ఏమే, దానికి లెక్కల్లో ఎన్నొచ్చాయో కనుక్కో" అని వంటింట్లో ఉన్న అమ్మతో అనేవారు. అమ్మ గరిటెతో సహా బయటికొచ్చి, "ఎన్నొచ్చాయే?" అని నన్నడిగేది. నేను అమ్మకి చెప్పేదాన్ని, అమ్మ నాన్నకి చెప్పేది. ఇంత దూరం ప్రయాణం చేసినా ఆ మార్కులు దారిలో ఒక్కటీ పెరిగేవి కావు.

ఇలాంటి ఇంట్లో పుట్టినందుకు కుమిలిపోతున్న నాకు స్వర్గం రెండు సందుల అవతలే ఉండేది. అది నా క్లాసుమేటు బేబీ వాళ్లిల్లు. (చర్చిలో పెట్టిన పెద్ద పేరు ఒకటుండేది గానీ, అది హాజరు పట్టీకే పరిమితం.) వాళ్ల నాన్న ఏదో హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. నేనాయన్ని డాడీగారు అనేదాన్ని, డాడీకి గారు తగిలించడం మా జిల్లా మర్యాద. ఆ ఇంట్లో డైనింగ్ టేబులు ఉంది, పుట్టినరోజుకి కేకు ఉంది, అన్నిటికీ మించి డాడీగారు భార్య కాఫీ ఇస్తే "థాంక్యూ" అనేవారు. మా నాన్న ఆ మాట అంటే అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసేది. అంచేత క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకి సర్వ స్వాతంత్ర్యాలూ ఉంటాయని నేను తీర్మానించేశాను. బేబీ మాత్రం మా ఇంటిని చూసి కుళ్లుకునేది. "మీ నాన్న అస్సలు మాట్లాడరు కదే, ఎంత లక్కీవి! ఆదివారం ఎనిమిదింటి దాకా పడుకోవచ్చు కూడా" అనేది. దానికేం తెలుసులే అనుకునేదాన్ని.

ఇంతలో మా బడివాళ్లు నాగార్జునసాగర్‌కి రెండు రోజుల ఎక్స్‌కర్షన్ అన్నారు. రాత్రి అక్కడే బస! ఆడపిల్ల ఒక రాత్రి ఇల్లు దాటి ఉండటమంటే మా నాన్న దృష్టిలో ఇంచుమించు దేశం వదిలి పారిపోవడం. ఆశ్చర్యం ఏమిటంటే, డాడీగారు కూడా బేబీని పంపనన్నారట. నాకు మహా గొప్ప పథకం తట్టింది. మా నాన్న ఒప్పుకున్నారని డాడీగారికి చెబితే ఆయన బేబీని పంపుతారు. ఆ తర్వాత బేబీని పంపుతున్నారని అమ్మ ద్వారా నాన్నకి చెబితే నన్నూ పంపుతారు. మొదటి అబద్ధం నాది, రెండోది అప్పటికి నిజమే అయిపోతుంది కాబట్టి పాపం కూడా సగమే. అలా ఒక సాయంత్రం బేబీ వాళ్లింటికెళ్లి, "మా నాన్నగారు ఎప్పుడో ఒప్పుకున్నారండీ. పిల్లలు లోకం చూడాలి అన్నారు" అని డాడీగారి ముందు వినయంగా వదిలాను. ఆయన గడియారం వైపు చూసి, "కుటుంబ ప్రార్థన వేళయింది, కూర్చోమ్మా" అన్నారు.

స్వర్గంలో ఏం జరుగుతుందో నాకు అప్పుడు తెలిసింది. అందరం కళ్లు మూసుకున్నాం. "కృపగల తండ్రీ" అని మొదలుపెట్టారు డాడీగారు. "నీ బిడ్డయైన బేబీ మూడు దినములుగా హిందీ పుస్తకము తెరువలేదు. నీవు ఎరుగుదువు. ఆమె చేతులు దువ్వెన యొద్దకు వెళ్లినంత త్వరగా పుస్తకము యొద్దకు వెళ్లునట్లు సహాయము చేయుము." ఓరి నాయనో! మా ఇంట్లో తిట్లు అమ్మ దాకా వెళ్లి ఆగుతాయి, ఇక్కడ ఏకంగా పైకి వెళ్తున్నాయి. దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో కళ్లు తెరిచి "అది కాదు డాడీ" అనడానికి కూడా లేదు. బేబీ మీద జాలిపడుతున్నానో లేదో, గొంతు నా వైపు తిరిగింది. "ఈ బిడ్డ తండ్రికి నీవు విశాల హృదయము ఇచ్చితివి. నేనో కఠినుడనై నా బిడ్డను పంపనంటిని. ఆ సహోదరుని యెదుట సిగ్గుపడుచున్నాను. ఆయనను ఆశీర్వదించుము."

మా దేవుళ్లయితే సర్దుకుపోతారు, మా నాన్న సంగతి వాళ్లకి తెలుసు. ఈ దేవుడికి నేను కొత్త. ఆమెన్ అనగానే డాడీగారు లేచి చెప్పులు వేసుకున్నారు.

"పదమ్మా, మీ నాన్నగారికి స్వయంగా కృతజ్ఞతలు చెప్పి వద్దాం."

"ఇప్పుడొద్దండీ, ఆయనకి ఒంట్లో బాగోలేదు."

"అయ్యో, అయితే తప్పకుండా రావాలి. ప్రార్థన చేసి వస్తాను."

మా గేటు దగ్గర ఓనరమ్మ కుళాయి కింద బిందె పెట్టుకుని ఉంది. "ఏందమ్మా, సార్‌ను ఎంటబెట్టుకొచ్చినవ్? ఏమన్న పరేషానా?" అంది. డాడీగారు ఆనందంగా సంగతంతా చెప్పేశారు. "అవునా! మస్తు కడక్ మనిషి అనుకున్న, మీ నాయినకు సుత దిల్ ఉన్నది" అని ఆవిడ బిందె వదిలేసి మా వెనకే వచ్చేసింది. ఇంక సీతాఫల్‌మండి మొత్తానికి తెలిసిపోయినట్టే.

నాన్న బనీనుతో పేపరు చదువుకుంటున్నారు. డాడీగారు వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకుని, "మీ గురించి ఇప్పుడే ప్రార్థన చేసి వస్తున్నానండీ. అమ్మాయిని సాగర్ పంపుతున్నారట! పిల్లలు లోకం చూడాలి అన్నారట మీరు! ఎంత గొప్ప మాట!" అన్నారు. నాన్న నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నా ప్రాణం పోతే పోయింది, డాడీగారి ముందు మాత్రం పోకూడదని దణ్ణం పెట్టుకున్నాను, ఇద్దరి దేవుళ్లకీ.

"ఆ... అన్నానేమోనండీ. అంటూంటాను" అన్నారు నాన్న.

ఆ తర్వాత అరగంట సేపు ఇద్దరు తండ్రులూ విశాల హృదయంలో పోటీపడ్డారు. పిల్లలు పంజరంలో చిలకలు కాదని ఈయనంటే, కట్టేస్తే ఎదగరని ఆయన. డాడీగారు కాఫీ తాగి అమ్మకి థాంక్యూ చెబితే అమ్మ కంగారుపడి, "ఇంకొంచెం పొయ్యనాండీ?" అంది.

ఆయన వెళ్లిపోయారు. ఓనరమ్మ కూడా అయిష్టంగా వెళ్లింది. అమ్మ ఎటువైపు నుంచి ఏ మాట మొయ్యాలో అని గుమ్మంలో నిలబడింది గానీ నాన్న ఆవిడ వైపు చూడనే లేదు.

"నన్నెప్పుడు అడిగావే?" అన్నారు నాతో.

"అడిగితే పంపుతారేంటి?"

"పంపను." నాన్న అబద్ధమాడే మనిషి కాదు. "పంపకపోతే మాత్రం అడక్కర్లేదేటి? ఓనరమ్మకి తెలిసింది, ఆ మాస్టారికి తెలిసింది, ఆయన దేవుడికీ తెలిసింది. నాకే తెలీదు."

చెంపదెబ్బకి సిద్ధపడి ఉన్నాను గానీ ఈ మాటకి సిద్ధపడలేదు. ఆయన గొంతులో కోపం లేదు, చిన్నబుచ్చుకున్నారు. నాన్నలు చిన్నబుచ్చుకుంటారని నాకు అప్పటిదాకా తెలీదు. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే, పుట్టాక మొదటిసారి నేరుగా అడిగాను.

"నాన్నా, సాగర్ వెళ్లనా?"

"వద్దు" అన్నారు.

పేపరు మళ్లీ విప్పుకున్నారు. ఓ పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. "ఏమే" అన్నారు అమ్మతో, "దానికి బస్సు పడదు కదా. వాంతులు చేసుకుంటాది. ఇంట్లో నిమ్మకాయలున్నాయా?"

లేవంటే ఆయనే బజారుకెళ్లి నాలుగు తెచ్చారు. ఆ "వద్దు"ని మాత్రం ఆయన పోయేదాకా వెనక్కి తీసుకోలేదు. ఆ లెక్కన నేను సాగర్‌కి అనుమతి లేకుండానే వెళ్లొచ్చాను. అక్కడ ఏం చూశానో సరిగ్గా గుర్తులేదు. డ్యామన్నాక నీళ్లుంటాయి, ఉండే ఉంటాయి. ఆ పదిహేనేళ్ల పిల్ల మాత్రం బాగా గుర్తుంది. రెండు జడలేసుకుని, కిటికీ పక్కన సీటు పట్టుకుని, నిమ్మకాయ వాసన చూసుకుంటూ, దారి పొడుగునా నాన్నని గెలిచాననుకుంది, పాపం.