రెండు వైపులా రాగే

మా పక్కింటి కెమిస్ట్రీ మాస్టారు పోయారు. నిన్న ఆయన జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికలో, ఆయన పనిచేసిన కాలేజీ ప్రిన్సిపాల్ లేచి, "మాస్టారు ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగరు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయాను. రాత్రి ప్రార్థన చేసుకున్నా కోపం దిగలేదు. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను. ఇది చదివే మా ఇంటివాళ్ళకైనా నిజం తెలియాలి.

మాస్టారు వాళ్ళ వరండాలో మా అమ్మాయికి పాఠాలు చెప్పేవారు. మామిడి తోటల్లో మందుకు వాడే మైలుతుత్తాన్ని, అదే కాపర్ సల్ఫేటుని, రెండు గాజు గ్లాసుల నీళ్ళలో, ఒకదాంట్లో చిక్కగా, ఒకదాంట్లో పలచగా కలిపేవారు. రెంటిలోనూ రాగి తీగలు ముంచి, ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డపీలికను ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి వేసేవారు. తీగలకు తగిలించిన వోల్టు మీటరు ముల్లు కొద్దిగా కదిలేది.

"ఇంతేనా మాస్టారూ? దీంతో బల్బేం వెలుగుతుంది!" అని మా అమ్మాయి నవ్వేది.

"వెలగదే తల్లీ. రెండు వైపులా రాగే కదా, ముందు సున్నా రాసుకో. తర్వాత గాఢతల తేడా చూడు. పదింతల తేడాకి దాదాపు 0.03 వోల్టు. నూరింతలైతే దానికి రెట్టింపు, అంతే."

ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగిపోయిన నాకూ అర్థమయ్యేది.

ఆ ఏడు కాలేజీ పరీక్షలో అదే లెక్క వచ్చింది. పేపరు తయారుచేసింది ఈ ప్రిన్సిపాలే, ఆయనదీ కెమిస్ట్రీయే. జింకు, రాగి కలిసిన సెల్‌కు వచ్చే 1.10 వోల్టులను పొరపాటున జవాబుగా కీలో వేశారు. మాస్టారు ఆ కీ పక్కన పెట్టి, సరిగ్గా రాసిన పిల్లలకే మార్కులు వేశారు. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ మాస్టారింటికి వచ్చారు. గోడకు ఇవతల దండెం మీది బట్టలు తీస్తున్న నాకు ప్రతి మాటా వినపడింది.

"కీ ప్రకారం వెయ్యండి మాస్టారూ. పిల్లల ముందు నా పరువు తీస్తారా ఏంటి?"

"జింకే లేని చోట 1.10 ఎక్కణ్ణుంచొస్తుందండీ? మీరే లెక్కేసి చూపించండి, ఇప్పుడే మార్చేస్తాను."

ప్రిన్సిపాల్ లెక్క వెయ్యలేదు. మరుసటి ఏడు మాస్టారును క్లాసుల్లోంచి తప్పించి లాబులో సీసాలు సర్దే పనికి పెట్టారు. చివరిదాకా మళ్ళీ చేతికి సుద్దముక్క ఇవ్వలేదు.

"బోర్డు పోతే పోయింది లెండమ్మా, గ్లాసులున్నాయిగా" అని మాస్టారు నవ్వేశారు. నాకు మాత్రం ఈనాటికీ నవ్వు రాదు.

ఎదురు చెప్పి ఎరగరట! చెప్పినందుకే కదా ఆ శిక్ష! బతికుండగా పాఠం లాక్కున్నారు. పోయాక ఆ ఒక్క మాటా లాక్కున్నారు.

కూడిక అయ్యాక మాస్టారి చిన్నమ్మాయి ప్రిన్సిపాల్‌కు టీ అందించింది. "నాన్నగారిలాగే అణకువగా ఉండమ్మా" అన్నారాయన. ఆ పిల్ల తలెత్తలేదు. తనిప్పుడు అదే కాలేజీలో చదువుతోంది. వచ్చే నెల ప్రాక్టికల్స్‌కు మార్కులు వేసేది ఆయనే.

ఈ కాగితాలు జాగ్రత్తగా దాచండి. ఆ పిల్ల పాసై బయటపడేదాకా ఎవరికీ చూపించకండి.