నేను పడ్డ ఎత్తు

మిర్యాలగూడ రైస్ మిల్లులో నేను గుమాస్తాను. ధాన్యం శాంపిల్ తీయబోయి బస్తాల మీది నుంచి జారినప్పుడు ఆ ఎత్తు మూడు బస్తాలు. "అబ్బా" అని పూర్తిగా అనేలోపే నేల వచ్చేసింది. అయినా కుడి మణికట్టు నుజ్జయింది. సూర్యాపేట దవాఖానలో నొప్పికి నాకు మాట రాలేదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో మొదటిసారి మా ఆవిడకు మాట్లాడే అవకాశం దొరికింది. "మూడు బస్తాల మీదికెల్లి పడ్డడు సార్" అంది. డాక్టరు అదే రాశాడు.

నాకు మాట తిరిగి రావడంతోనే తంటా మొదలైంది. హమాలీలు రోజుకు నూరుసార్లు దూకే ఎత్తది. దాని మీది నుంచి పడి చెయ్యి పోగొట్టుకున్నానంటే నవ్వరా? అందుకని లారీ లోడు మీది నుంచి పడ్డానన్నాను. గాలిలో రెండు పల్టీలు కూడా కొట్టాను. నాకు ప్రమాద ఇన్సూరెన్స్ చేయించిన ఏజెంటు మా బామ్మర్దే. మిల్లు గేటు దగ్గర క్లెయిము ఫారం నింపుతూ "ఎట్ల పడ్డవ్ బావా?" అని అడిగేసరికి పక్కన మా ఆవిడ, చుట్టూ హమాలీలు ఉన్నారు. లారీయే చెప్పాను. నమ్మి రాసుకున్నాడు.

తర్వాత ఒకరోజు టీ హోటల్లో ఎవరో కొత్తాయన చాయ్ ఇప్పించి, నా కథంతా కళ్లార్పకుండా విన్నాడు. అంత మంచి శ్రోత మళ్లీ దొరకడని, ఆయన కోసం ఏకంగా మిల్లు పైకప్పు మీది నుంచి పడ్డాను. ఆయన కంపెనీ పంపిన మనిషని ఉత్తరం వచ్చాకే తెలిసింది. పొంతన లేని వివరాలు ఇచ్చినందున క్లెయిము తిరస్కరించామని అందులో ఉంది.

చెయ్యి మాత్రం అబద్ధం కాదు. ఈరోజుకీ గ్లాసు పట్టదు, పెన్ను పట్టదు. పొద్దున్నే నా చొక్కా గుండీలు పెట్టి, నేను కుర్చీ వేసుకుని కూర్చున్న ఆ మిల్లునే ఊడవడానికి మా ఆవిడ పోతోంది.

కోదాడలో మంచి వకీలున్నాడంటే, బామ్మర్ది ఎవరి కారో అడిగి తెచ్చి మమ్మల్ని తీసుకెళ్లాడు. తను బయటే ఆగాడు. వకీలు కాగితాలన్నీ చదివాడు.

"కేసు గట్టిదేనండీ. వినియోగదారుల కమిషన్‌లో వేద్దాం. టీ హోటల్ మాటకు సంతకం లేదు గనక నిలవదు. ఫారంలోని ఈ లారీ సంగతొక్కటే అడ్డు. ఏజెంటు తప్పు రాశాడని అఫిడవిట్ ఇచ్చేయండి, సరిపోద్ది."

"ఏజెంటుకేమైతది సార్?" అని అడిగింది మా ఆవిడ.

"లైసెన్సు పోవచ్చు. మీకెందుకండీ."

నేను తలూపాను. అన్నీ పెంచి చెప్పే నాకు జీవితంలో ఈ తలూపడం ఒక్కటే తగ్గించి చెప్పాలని ఉంది గానీ తగ్గడం లేదు. రెండుసార్లు ఊపాను. కిటికీలోంచి బామ్మర్ది కనిపిస్తున్నాడు, మాకోసం సోడాలు పట్టుకుని.

"మా తమ్ముడు సొంతంగ రాయలే సార్" అంది మా ఆవిడ. "ఈయన చెప్తుంటే రాసిండు. నేను గాడనే ఉన్న." తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, "చెయ్యి ఇరిగింది నిజమే గద. గది సాలదా నీకు?" అంది.

వకీలు కళ్లజోడు తీశాడు. "అయితే మీరే అబద్ధం చెప్పానని రాసివ్వాలండీ. అందరి ముందూ అడుగుతారు. ఓడిపోవచ్చు కూడా. వేద్దామా, వదిలేద్దామా?"

వదిలేస్తే లారీ, పైకప్పు రెండూ నాకు మిగులుతాయి. హమాలీలకు అసలు సంగతి తెలియదు. పక్కన మా ఆవిడ జుట్టులో, ఎంత దువ్వినా పోని ఊక దుమ్ము.

"వేద్దాం సార్. నేనే చెప్పిన, నేనే రాసిస్త."

ఆయన పెన్ను తీశాడు. "అసలు ఎంత ఎత్తండీ?"

"నడుము దాక."

"ఎవరి నడుమండీ?"

నేను మా ఆవిడకన్నా జానెడు పొడుగు. నాదేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నన్నే చూస్తోంది.

"ఆమెది" అన్నాను. "జర తక్కువే రాయండి సార్."